మెడ వంగిన జొన్న

బాన్సువాడ దగ్గర తండా,
మార్చి 9, 2025.

పిట్టా,

నా సింధుజ నిన్ను ఇట్లాగే పిలిచేది. ప్రేమలతా అని రాస్తే ఎవరో ఆఫీసు మనిషికి రాసినట్టుంది. ఇక్కడ జొన్న కోత అయిపోయింది. నేను ఉన్నాను, నువ్వు బాగుండాలి.

నువ్వు ఫోన్లో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "అమ్మా, అన్నీ ఒక్కతీరు కంకులే పంపినవ్, తీరుతీరువి కావాలె గదా" అన్నావు. ఏం చెయ్యను బిడ్డా! నువ్వూ సింధుజా కలిసి పనిచేసిన ఆ పాత విత్తనాల బ్యాంకుకు పంపుతున్నానని, తలంబ్రాల బియ్యం ఏరినట్టు ఏరాను. తెల్లగా, నిండుగా ఉన్నవి నీకు కట్టాను. ఎర్రవి, పలచనివి, మెడ వంగినవి బర్రెకు వేశాను. అన్నీ ఒక్కతీరువైతే ఒక్క తెగులుకే పోతాయని, ఎండకు తట్టుకునే గుణం ఆ వంకరవాటిలోనే ఉండొచ్చని, అవి కలిపితేనే కొత్త వంగడం వస్తుందని నువ్వు చెప్పాకే తెలిసింది. సింధుజ కూడా చెప్పే ఉంటుంది. నేను రొట్టెలు చేస్తూ ఊకొట్టి ఉంటాను. దాని పక్కన కూర్చొని ఒక్కసారన్నా వినలేదు.

మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. ఎర్రవి, పలచనివి పక్కింటి పార్వతీబాయి ఇచ్చింది. "మంచియి వద్దు, వంకరయి గావాల్నా? గట్లైతే మా ఆయన్ను తీస్కపో" అంది. చాలా రోజులకు నవ్వొచ్చింది.

మెడ వంగినది మాత్రం ఎవరి దగ్గరా లేదు, చాలామంది జొన్న మాని వరికి మారారు. చివరికి ఒక్క ఇంట్లో దొరికింది. వేరే సంచిలో కట్టాను. ఈసారి ఏమీ ఏరలేదు.

ఇట్లు,
సింధుజ అమ్మ,
జమునాబాయి

ఇంకో మాట. ఆ ఇల్లు ఎవరిదో రాయకూడదనుకున్నాను. లోక్యాది. వాడి ఆటో బోల్తా పడే నా బిడ్డ పోయింది. అప్పటి నుంచి ఆ గడప వైపు చూడలేదు. నిన్న వాళ్ల వాకిట్లో నిలబడితే వాడి తల్లి సోనాబాయి, "దూలానికి కట్టినయి ఉన్నయి, లోపలికి రా జమునా" అంది. నేను వాకిట్లోనే ఉండిపోయాను. లోక్యానే తెచ్చి, తల ఎత్తకుండా నా కొంగులో పెట్టాడు. "అన్నీ తీస్కపో అవ్వా, మాకు ఇత్తనానికి గూడ వద్దు" అన్నాడు. సగం తీసి వాళ్ల గడప మీద పెట్టాను. ఆ సంచి ఎవరిచ్చారని మీ దగ్గర అడిగితే లోక్యా ఇంటి విత్తనమని చెప్పు, నా పేరు చెప్పకు.

పని పని అని తిరగకు. వేళకు కడుపునిండా తిను బిడ్డా.