జీపు తలుపూ, మీ అక్క పెనమూ

బావమరిదికి మీ బావ రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ జీపూ బాగుంది. ఎద్దు గుద్దిన ఎడమ తలుపు సొట్టను సుత్తితో కొట్టి తీసేశాను. రేకు తుప్పుపట్టి పలచబడింది కనుక లోపలివైపు దన్నుగా మందపాటి ఇనుము అతకాల్సి వచ్చింది. షెడ్డులో దొరకలేదు. వంటింట్లో మీ అక్క పెనం కనబడింది. వెల్డింగు చేసేశాను. కాడ మాత్రం కోయబుద్ధి కాలేదు. తలుపు లాక్కోవడానికి పనికొస్తుందని దానికి నల్లరంగు వేసి, పెనం మీద రెగ్జిను కప్పేశాను.

మూడు రోజులుగా మీ అక్క పెనం కోసం ఇల్లంతా గాలిస్తోంది. పక్కింటావిడే పట్టుకుపోయిందని ఆవిడతో మాటలు కూడా మానేసింది. నిజం చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కొత్త పెనం తెచ్చి, నువ్వే ముచ్చటపడి కొన్నట్టు ఇవ్వమని రాద్దామనుకున్నాను.

ఇంతలో నిన్న మీ అక్క జీపెక్కింది. ఆ కాడే పట్టుకుని తలుపు లాగింది. నేను టైరులో గాలి చూస్తున్నట్టు కిందికి వంగాను.

"ఏమండోయ్, ఇన్నాళ్ళకి ఒక బుర్రున్న పని చేశారు. ఈ పిడి నా చేతికి భలే అమిరింది. అటు తలుపుకీ ఇలాంటిదే పెట్టండి" అంది.

సరేనన్నాను.

అందుచేత వచ్చేటప్పుడు రెండు పెనాలు పట్టుకురా. రెండిటికీ కాడలుండాలి.

ఇట్లు,
మీ బావ