కాలికింద స్విచ్చి

తమ్ముడూ,

నా మోకాళ్ల సంగతి తరవాత. మనవరాలు రేపు నీ రేడియో షాపుకి వస్తోంది. గిటారు గరగరలాడేందుకు రేకు డబ్బాలో సొంతంగా ఫజ్ పెడల్ చేసుకుంది కదా, మొన్న కచేరీలో తన వంతొచ్చేసరికి డ్రమ్ముల మోతలో దాని వాయింపు ఎవరికీ వినపడలేదు. "నా టంకమే సరిగ్గా లేదు నానమ్మా" అని అన్నం మానేసింది.

టంకం బాగానే ఉందిరా. డబ్బా పేలుతుందేమో, పిల్ల చెవులు పోతాయేమో అని, అది స్టేజీ ఎక్కేముందు డబ్బా మీది సౌండు మర నేనే తిప్పి తగ్గించాను. ఆ సంగతి దానికింకా చెప్పలేదు.

కాలితో నొక్కితే సౌండు పెరిగే స్విచ్చి కావాలంటోంది. పెట్టివ్వు. కాలికిందైతే నా చెయ్యి అక్కడిదాకా పోదు. షాకు మాత్రం కొట్టకుండా చూడు నాయనా.

ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.

అక్క