వాసన లేని చొక్కా

పరిశోధనశాల డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రయోగశాలలో పంది పిండములకు వసతులు మెరుగుపరచుట వలన మా ఇంట్లో నా వసతులు అడుగంటుట గురించి.

తమ పిండాల గదిలో టెక్నీషియనుగా పనిచేయుచున్న వారి భార్యను, ఇంటివద్ద కుట్టుపని చేసుకొనుదానను, మనవి చేసుకొనునది.

1. సదరు పిండములు సూదిమొనంత కూడా ఉండవని ఆయనే చెప్పియున్నారు. వాటి పెట్టెలో వేడి ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర కదలకుండా కాపలా కాయుచున్నారు. మొన్న నాకు నూటొకటి దాటి జ్వరమొచ్చినది, ఆయన డిగ్రీల లెక్కలో సరిగ్గా అంతే వేడి. థర్మామీటరు చూసి "సరిగ్గానే ఉందే" అని పక్కన పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయినారు.

2. వాటికి గాలి ఎంత, వెలుతురు ఎంత, పోషక ద్రవం ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆయనకు కంఠతా. తను తిన్నది ఏ కూరో అడగండి, చెప్పలేరు.

3. సెంటు వాసన తగిలితే పిండములు పెరగక చచ్చిపోవునట. కావున మా ఇంట్లో సెంటు, పౌడరు, వాసన సబ్బు నిషేధించబడినవి. లోకంలో పెళ్ళాలు మొగుడి చొక్కాకి పరాయి ఆడదాని వాసన ఉందేమోనని చూస్తారు. మా ఆయన చొక్కాకి ఏ వాసనా లేదండీ, నాది కూడా లేదు. సవతి అయితే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. మైక్రోస్కోపు పెడితే తప్ప కనపడని వాటితో ఎలా పోట్లాడను? అవును, నాకు కుళ్ళే. కడుపు మండిపోతోంది.

4. సోమవారం ఉదయం కావాలనే ఆయన కాలరుకు సెంటు పూసితిని. జలుబు వల్ల ఆయనకు తెలియలేదు. గది తలుపు దగ్గర తోటి ఉద్యోగిని ఒకామె వాసన పసిగట్టి ఆయనను ఆపినది. రోజంతా ఆయన వరండాలో నిలబడి, అద్దంలోంచి చూస్తూ ఆమె చేత పని చేయించినారట. ఇంటికొచ్చి నానా మాటలూ అంటారని నేనూ నాలుగు మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన చొక్కా విప్పి బకెట్లో వేసి, "వాటికి నోరు లేదే. నీకుంది కదా, నాకు చెప్పచ్చుగా" అన్నారు.

చెప్పడానికి మనిషి ఇంట్లో ఉంటేగా? నోరున్నందుకు తమరితో చెప్పుకుంటున్నాను.

కావున ఆయనను వెంటనే స్టోర్సు విభాగమునకు మార్చి, నా మొగుణ్ణి నాకు ఇప్పించవలెనని ప్రార్థన. కోపగించక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆయనకు మాత్రం కాను.

తా.క.: ఇవాళ పొద్దున ఆయన షూ లేసు కట్టుకుంటూ తనలో తాను నవ్వుకున్నారు. ఏంటని అడిగితే, ఎప్పుడూ నాలుగో రోజుకే పెరగడం ఆగిపోయే పిండాలు ఈసారి ఆరో రోజుకొచ్చాయట. పెళ్ళప్పుడు చూశాను ఆ నవ్వు, మళ్ళీ ఇప్పుడే. స్టోర్సు సంగతి కొన్నాళ్ళు ఆపండి. ఇంకో మాట. నిన్న ఆయన వెళ్ళగానే సెంటు పూసుకుని కూర్చుని ఈ అర్జీ రాశాను, కాగితానికి అంటుకునే ఉంటుంది. దీన్ని ఆ గది వైపు తీసుకెళ్ళకండి.