దేవదారు నీడ కొలత

సైప్రస్ బయూ, లూసియానా
మే 9, 1983

ప్రియమైన లెమ్యూల్‌కు,

ఒజెల్లా రాస్తున్నది. ఇక్కడ నేనూ, కోళ్ళూ, నీ కుక్కా బాగానే ఉన్నాం. నది పొంగుతోందని రేడియోలో విన్నాను. పడవ మీద జాగ్రత్తగా ఉన్నావని తలుస్తాను.

కిందటి ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మేహా పండ్ల చెట్టు ఎలా కాసింది, తుప్పు తెగులు వచ్చిందా, డాక్టరు ఏమన్నాడు. వరసగా రాస్తాను.

మేహా బాగానే పూసింది. నువ్వు చిత్తడిలోంచి పెకలించి తెచ్చి నాటిన ఆ పల్లంలో ఏప్రిల్ అంతా మడమల లోతు నీళ్ళు నిలిచాయి. దానికి కావలసిందీ అదే. రాలి తేలిన కాయల్ని చేపల వలతో దేవాను. కానీ సగానికి పైగా తుప్పే. ఎర్రబడాల్సిన కాయ మీద నారింజ రంగు నూగు మొలిచి, ముట్టుకుంటే పొడి వేళ్ళకంటింది. జెల్లీ ఆరు సీసాలే వచ్చింది.

తుప్పు దేవదారు నుంచి వస్తుందని ఇద్దరికీ తెలుసు. మార్చి వానలకు మన కోరా సమాధి దగ్గరి దేవదారు కొమ్మకొమ్మకూ తుప్పు జిగురు కార్చింది. పాపను పూడ్చిన వారంలో నువ్వే దాన్ని నాటావు. పంతొమ్మిదేళ్ళుగా "నేను నాటింది, దాని జోలికి పోకు" అంటూనే ఉన్నావు.

ఈస్టర్ మర్నాడు దాన్ని నరికేశాను.

మేహా కోసమని ఊళ్ళో చెప్పాను. కంచె అవతలి ఆల్మా అత్త నమ్మలేదు. "నా కంచె పొడుగునా పది దేవదారులున్నయ్. వాటినొదిలి దీన్ని నరికితే తెగులు పోద్దా? ఎవరికి చెప్తావే ఈ కథలు?" అంది.

అసలు సంగతి ఇది. దేవదారు మిట్టమధ్యాహ్నపు నీడ ఎదిగిన మనిషి సమాధిని కప్పేంత పెరిగితే నాటినవాడు పోతాడని మీ అమ్మ అనేది. మీ నాన్న విషయంలో చూశాం. ఈస్టర్ ముందురోజు నీ ఓవరాల్స్ ఉతికి, సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు కింద గడ్డి మీద నీ కొలతకు పరిచాను. పట్టీల నుంచి కాలి అంచుల దాకా నీడలోనే ఉన్నాయి. నువ్వేమో పొంగే నది మీద.

ఆల్మా అత్త గొడ్డలి వైపు చూసి, "నాటినోడి మీదున్నది నరికినోళ్ళ మీదికొస్తదే పిల్లా. తెలిసే పట్టావా?" అంది.

"తెలిసే పట్టానత్తా."

ఆమె మొద్దు లాగడానికి సాయం పట్టింది.

ఇక మూడోది. బాగానే ఉన్నానని పైన రాసింది నిజం కాదు. రొమ్ములో గడ్డ ఎముకల దాకా పాకిందట. కోసినా లాభం లేదు, చలికాలం చూడడం కష్టమన్నాడు డాక్టరు. ఆ మాట విన్నది మార్చిలో. ఎలాగూ నేను పోయేదాన్నే అయినప్పుడు ఇద్దరం ఎందుకని గొడ్డలి తీశాను. నీకు కోపం వస్తుంది. రానీ.

మొద్దును షెడ్డులో తడవకుండా పెట్టాం. నా సమాధి తలాపున పెట్టే పలకకు సరిపోతుంది. కోరా పక్కన ఆ పల్లం వైపు చోటు నాకుంచు. దేవదారు మాత్రం మళ్ళీ నాటకు. మేహా కొమ్మ ఒకటి అంటుకట్టి పెట్టు. అక్కడ నీళ్ళు నిలుస్తాయి, బతుకుతుంది.

ఇట్లు,
కోరా వాళ్ళమ్మ