మధ్యాహ్నం పెరిగిన అడుగు

నడక పరికరాల పంపిణీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నడక పట్టీ జప్తు – నా సంజాయిషీ – పునరాలోచన కోరుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు నోటీసు, షరతు సంఖ్య 7 ఉల్లంఘన.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను వృత్తిరీత్యా దర్జీని. వయస్సు అరవై మూడు. ముప్పై ఎనిమిది సంవత్సరములు కోట్లు కత్తిరించితిని. నాకు పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నదని ఏడేళ్ళ క్రిందట డాక్టర్లు నిర్ధారించిరి. చేతుల వణుకుతో ముందు కత్తెర పోయినది. అందుకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. తర్వాత కాళ్ళ వంతు వచ్చింది. నడుస్తూ ఉండగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి, ముఖ్యంగా గుమ్మాల దగ్గర. మనసు పదమంటుంది, కాలు వినదు. ఒకసారి రోడ్డు దాటుతూ సగంలో ఆగిపోయాను. లారీ అతను "ఏం పెద్దాయనా, ఇల్లు అక్కడే కట్టుకుంటావా?" అని అరిచాడు. నవ్వొచ్చింది. కానీ ముఖం కూడా బిగుసుకుపోయే రోగం కాబట్టి నవ్వలేకపోయాను.

2. తమ విభాగము దయతో నాకు నడక పట్టీ మంజూరు చేసినది. మోకాళ్ళ కింద రెండు పట్టీలు, నడుముకు చిన్న పెట్టె. కాలు ఆగగానే పట్టీ జివ్వుమని అదురుతుంది, బూటు ముందు నేల మీద ఎర్రటి వెలుగు గీత పడుతుంది. ఆ గీతను దాటాలనుకుంటే కాలు లేస్తుంది. ఎందుకో నాకు తెలియదు. మొదటి రోజు ఒక్కడినే స్నానాల గదికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. బయటి నుంచి నా భార్య "లోపల ఎవరు?" అని అడిగింది.

3. మా పక్క వాటాలో బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి ఉన్నారు. చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా అని పిలుచుకుంటాం. ఆయనకూ ఇదే వ్యాధి. కూతురు ఉద్యోగానికి వెళ్తే సాయంత్రం దాకా ఒంటరి. పట్టీ కోసం ఆయనా దరఖాస్తు పెట్టారు. తమ జాబితాలో నూట పద్దెనిమిదో సంఖ్య. ఒక మధ్యాహ్నం గోడ అవతలి నుంచి కేక వినపడింది. "బావా, వంటింటి గుమ్మంలో ఇరుక్కున్నా. గంటయింది. ఇంజను ఆన్‌లోనే ఉంది, బండి కదలట్లేదు."

వారగా వేసిన తలుపు తోసుకుని వెళ్ళాను. ఆయన ప్యాంటు తడిసి ఉంది. నా పట్టీలు విప్పి ఆయనకు కట్టడానికి నా చేతులకు పావుగంట పట్టింది. కట్టాక నేను అక్కడే చతికిలబడ్డాను. ఆయన వీధి చివరి దాకా వెళ్ళి, తిరిగొచ్చి, "బావా, రివర్సు కూడా పడింది!" అన్నారు. ఆ రోజు మొదలు ప్రతి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు పట్టీ ఆయన కాళ్ళకే ఉండేది. పట్టీ మరొకరికి ఇవ్వరాదన్న ఏడో షరతుకు ఇది విరుద్ధమని నాకు తెలుసు. సంతకం పెట్టే ముందు చదివాను.

4. ఆ పెట్టె ప్రతి అడుగునూ గుర్తుపెట్టుకుంటుందని మాత్రం తెలియదు. తనిఖీ రోజున నడక నేర్పే డాక్టరమ్మ తెర చూసి సంబరపడ్డారు. "రెండు దాటాక మీ అడుగు జానెడు పెరుగుతోందండీ! మధ్యాహ్నం మందు బాగా పట్టినట్టుంది. ఆ మోతాదే ఖాయం చేద్దాం. మిగతావాళ్ళకీ ఇచ్చి చూస్తాం."

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ తప్పు కొలత మీద కత్తెర వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. బట్ట అయితే మళ్ళీ కొనుక్కోవచ్చు. "ఆ పొడుగు అడుగు నాది కాదమ్మా" అని చెప్పేశాను. ఆవిడ తెర ఆపేసి గుమాస్తా గారిని పిలిచారు.

5. అక్కడికక్కడే పట్టీ విప్పించుకొనిరి. గుమాస్తా గారు రూలు చదివి వినిపించారు; ఆయన పని ఆయన చేశారు. నేను గేటు దాకా ఎలా వెళ్తానని మాత్రం ఎవరూ అడగలేదు. తమ వరండా ఎంత పొడుగో తమకు తెలిసినదే. నా భార్య చెప్పు విడిచి, తన పాదాన్ని నా పాదం ముందు అడ్డంగా పెట్టి "దాటండి" అంది. దాటాను. మళ్ళీ పెట్టింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూశారు. ఇప్పుడు ఇంట్లోనూ అదే నడక.

6. పట్టీ పోయిన పదకొండో రోజున డ్రైవరు బావ వంటింట్లో పడ్డారు. మణికట్టు విరిగింది. కూతురు వచ్చేదాకా నేల మీదే ఉన్నారు. చూడడానికి వెళ్తే ముఖం గోడవైపు తిప్పుకుని, "నా వల్లే నీ కాళ్ళు పోయాయి బావా" అన్నారు. ఆ మాటకు ఈ అర్జీయే జవాబు.

కావున నా కోరికలు:

(అ) ఉల్లంఘన పూర్తిగా నాది. డ్రైవరు గారు అడగలేదు, నేనే కట్టాను.

(ఆ) ఆ కారణముచేత జాబితాలో వారి సంఖ్యను కొట్టివేయరాదు.

(ఇ) ఒక్క పట్టీయే ఇవ్వగలిగిన పక్షమున, దానిని ముందు వారికే ఇవ్వవలెను. నాకు ఇంట్లో తోడుంది. ఆయనకు పగలంతా ఎవరూ లేరు.

తప్పు ఒకరిది, నడక ఇద్దరిది. ఆ సంగతి విచారించి ఈ విన్నపమును చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
దర్జీ (వ్యాధి వల్ల సంతకము చిన్నదైనను నాదే)

మరొక మాట: అయ్యా, నేను ఆయన భార్యను. ఆయన చెబుతుంటే పై అర్జీ రాసింది నేనే. ఆయన సంతకం పెట్టి పడుకున్నాక ఇది రాస్తున్నాను, ఆయనకు తెలియదు. మూడో కోరిక రాయనని పెన్ను పక్కన పెట్టి కూర్చున్నాను. "రాయవే, బావ ఒక్కడే ఉంటాడు" అన్నారు. రాశాను. నాకూ అరవై నిండాయి. ఆయన్ని లేపి, అడుగడుగునా కాలు అడ్డం పెట్టి నడిపించే పని మానకపోతే మోకాలు పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పి నెలయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. డ్రైవరు అన్నయ్య మంచివాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ కోరిక కొట్టేయమని కూడా అడగను, మా ఆయన మాట అది. ఒక్కటే అడుగుతున్నాను. పట్టీ అన్నయ్యకే ఇవ్వాలని తమరు అనుకుంటే, తెచ్చే మనిషిని నేరుగా పక్క వాటాకే పంపండి. మా గుమ్మం ముందు ఆగనివ్వకండి. నా చేతికి వస్తే నేను ఇవ్వను.