పనిముట్ల సంచికి సీటు లేదు

ఏవండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నా. శనివారం పొద్దున కొండ మీదికెళ్లే బస్సులో నాలుగు సీట్లు దొరికాయి. పిల్లల స్వెట్టర్లు అటక మీద పెట్టెలో ఉన్నాయి, దించి ఎండలో వేయండి. పెద్దాడికి మలుపుల్లో వాంతులవుతాయి, మాత్రలు తెచ్చిపెట్టండి.

మీ పనిముట్ల సంచి మాత్రం రావడానికి వీల్లేదు. పోయినసారి రెండు రోజులూ ఆ లాడ్జి వాళ్ల గీజర్లు విప్పుకుంటూ కూర్చున్నారు. మెకానిక్కుని కట్టుకున్నదాన్ని, నాకు అలవాటే. పిల్లలకేం ఖర్మ? సంచి దాచేశాను, వెతక్కండి.

అన్నట్టు, చిన్నది ఫ్రిజ్ మీద కొండ బొమ్మ అంటించింది, చూడండి. పోయినసారి వచ్చాక గీసినదాంట్లో మేం ముగ్గురమే ఉన్నాం, మీరు లేరు. ఈసారి వెళ్లకముందే నలుగుర్నీ గీసేసింది. మీ రెండు చేతుల్నీ పిల్లలిద్దరికీ పంచేసింది. సంచికి చెయ్యి మిగల్లేదు.