కుట్టుకు వదలని అంగుళం

3వ తేదీ, సోమవారం

ఉదయం 6:10. ఇది నా కొలతల పుస్తకం. ముందు సగంలో జనాల నడుములున్నాయి. వెనక సగం ఖాళీ. ఇవాళ్టి నుంచి అది డైరీ. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, అక్షరాలు వంకరగా ఉంటాయి. కుట్టు మాత్రం ఎప్పుడూ వంకర పోలేదు.

తీర్మానం! ఈ నెలాఖరులోగా ఐదు నిమిషాల వీడియో తీస్తాను. కోటుకు చెయ్యి ఎలా ఎక్కించాలో అందులో చూపిస్తాను. నేనొక్కణ్ణే తీస్తాను. ఎవర్నీ సాయం అడగను. ముఖ్యంగా అమ్మాయిని.

కారణం కూడా అమ్మాయే. టైలరింగ్ షాపు ఇప్పుడు దానిది. నిన్న భోజనాల దగ్గర చల్లగా చెప్పింది.

“నాన్నా, ముప్పై ఒకటిన పెయింటరొస్తున్నాడు. బోర్డు మీద ‘కోట్లు’ అన్న మాట చెరిపించేస్తున్నా.”

“ఎవర్నడిగి?”

“నువ్వు కుట్టడం మానేశావు. నాకు రాదు. వచ్చినవాళ్ళందరికీ కుట్టం, కుట్టం అని చెప్పలేక నోరు నొప్పెడుతోంది.”

“నీకెందుకు రాదు?”

“నేర్పితే కదా!”

నేర్పాను. పదిహేనేళ్ళ కిందట, మూడు రోజులు. మూడు రోజులూ అరిచి కత్తెర లాక్కున్నానట. నాకు గుర్తులేదు. మా ఆవిడకి గుర్తుంది, ఏ రోజు ఏ మాటన్నానో దాంతో సహా.

పుస్తకం రాసివ్వడం నా వల్ల కాదు. వీడియో అయితే చూసి నేర్చుకుంటుంది. వీడియో అరవదు. కత్తెర లాక్కోదు. లైబ్రరీ మేడ మీద నెల రోజుల క్లాసు పెట్టారు. చేరిపోయాను.

మా ఆవిడ: “గ్యాసు కట్టేయడమే గుర్తుండదు. ఈయన సినిమా తీస్తాడట!”

చూద్దువుగాని.

5వ తేదీ, బుధవారం

మొదటి క్లాసు. పదకొండు మందిమి. మిగతా పదిమందీ నా కత్తెర కంటే చిన్నవాళ్ళు. పంతులమ్మకి పాతికేళ్ళుంటాయేమో, జుట్టుకి నీలం రంగు వేసుకుంది. నా పక్కన బస్సు డ్రైవరు. తన కుక్క మీద సినిమా తీస్తాడట. కుక్క మీద!

ఇచ్చినవి: కెమెరా ఒకటి. మూడు కాళ్ళ స్టాండు ఒకటి. చొక్కాకి తగిలించుకునే మైకు ఒకటి, గుండీ కంటే చిన్నది.

“తెరని తొమ్మిది గళ్ళుగా ఊహించుకోండి మాస్టారూ. ముఖ్యమైనది గీతలు కలిసేచోట పెట్టండి” అంది పంతులమ్మ.

ఊహించుకుని గుడ్డ కోస్తే చొక్కా వస్తుందా? ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచి, సుద్దతో తెర మీదే తొమ్మిది గళ్ళు గీశాను. బ్రహ్మాండం! క్లాసులో ఇంకెవరికీ ఈ ఆలోచన రాలేదు.

7వ తేదీ, శుక్రవారం

సుద్దపొడి కెమెరా బటన్లోకి పోయింది. పంతులమ్మ బ్రష్షు పెట్టి అరగంట దులిపింది. గళ్ళు కెమెరాలోనే ఉంటాయట, నొక్కితే కనిపిస్తాయట. ముందే చెప్పొచ్చుగా.

సాయంత్రం 4:00. మొదటి షూటింగు. నా బూడిదరంగు కోటు ఒకటి సగంలో ఉంది. చేతులు తప్ప అంతా అయింది. దాంతోనే మొదలుపెట్టాను. కిటికీకి వీపు పెట్టి దర్జాగా కూర్చున్నాను.

5:15. చూశాను. వెలుగంతా కిటికీది. నేను ఉత్త నీడ. నీడ కూర్చుని కోటు కుడుతోంది.

“మనిషెవరో తెలియకపోతేనే నయం లెండి” అంది మా ఆవిడ.

కుడిచెయ్యి కొంచెం వణికింది. స్టాండు మరలు బిగించడం వల్ల.

10వ తేదీ, సోమవారం

ఇవాళ పాఠం: బటన్ నొక్కాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు పని మొదలుపెట్టాలట. పనయ్యాక మళ్ళీ ఐదు లెక్కపెట్టి, అప్పుడు ఆపాలట. ప్రతి షాటుకీ!

అంటే ప్రతిసారీ పది అంకెల దండగ. నన్ను బజార్లో ‘ముక్కమిగల్చని మాస్టారు’ అంటారు. ఒకరి గుడ్డలో జానెడు ముక్క వృథా చేసి ఎరగను. ఈ పంతులమ్మ నాకు దండగ నేర్పుతోంది.

డ్రైవరు మాత్రం లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఐదు దాకా వచ్చేసరికి కుక్క వెళ్ళిపోయింది.

13వ తేదీ, గురువారం

మొత్తం నలభై ఒక్క షాట్లు! నోరు తెరవగానే నొక్కుడు, నోరు మూయగానే నొక్కుడు. ఒక్క క్షణం మిగులు లేదు. కత్తిరించినట్టు ఉంది!

చంక గుండ్రం కంటే చెయ్యి గుండ్రం ఒకటిన్నర అంగుళాలు పెద్దది. ఆ ఎక్కువ గుడ్డని ఒక్క ముడత లేకుండా లోపలికి మింగించాలి. కోటు పనితనమంతా అక్కడే. అదంతా విడమరిచి చెప్పాను. చెయ్యి ఎక్కించడం, విప్పడం, మళ్ళీ ఎక్కించడం, పదకొండు సార్లు.

అమ్మాయి తలుపు దగ్గరికొచ్చి “ఏం చేస్తున్నావు నాన్నా?” అంది. “నీకు తర్వాత చెప్తా, పో” అన్నాను. సాయం అడగలేదు. మాటంటే మాటే.

17వ తేదీ, సోమవారం

షాట్లు కంప్యూటర్లో వరసగా పెట్టి కలపడం ఇవాళ్టి పాఠం. అందరి ముందూ నాదే మొదట పెట్టించుకున్నాను.

తెర మీద నేను: “…క గుండ్రం ఇలా కొల…” వెంటనే “…ద్దతో గుర్తు పె…” వెంటనే “…డత రాకుండా చూసుకో…”

ఏ మాటకీ తల లేదు, తోక లేదు. ఎక్కిళ్ళొచ్చినవాడు పాఠం చెప్పినట్టుంది. డ్రైవరు నవ్వి నవ్వి బల్ల కిందికి జారాడు.

పంతులమ్మ నవ్వలేదు. “మాస్టారూ, రెండు ముక్కలు కలిపి కుట్టాలంటే అంచున ఏం చేస్తారు?” అంది.

“కుట్టుకి అంగుళం వదుల్తాం.”

“వదలకపోతే?”

“ఏం పట్టుకుని కుడతాం?”

“మరి ఇక్కడ వదల్లేదేం?”

యాభై ఏళ్ళు ప్రతి గుడ్డకీ వదిలినవాణ్ణి! నలభై ఒక్క షాట్లు, ఒక్కటీ కలవదు.

18వ తేదీ

మబ్బు పట్టింది. వెలుతురు చాలదు. తీయలేదు.

19వ తేదీ

ఎండ ఎక్కువైంది. తీయలేదు. క్లాసుకీ పోలేదు, కళ్ళజోడు కనబడలేదు.

20వ తేదీ

కళ్ళజోడు దొరికింది. బ్యాటరీ నిండలేదు. నిండాక నాకు నిద్రొచ్చింది.

21వ తేదీ, శుక్రవారం

పొద్దున్నే లేచి మూడు షాట్లు తీశాను. ఐదు లెక్కపెట్టి మరీ. క్లాసుకి తీసుకెళ్ళి పంతులమ్మ మీద ఎగిరాను. “మీ స్టాండు పనికిమాలినది. బొమ్మంతా వణుకుతోంది!”

పంతులమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మెల్లగా, “బల్ల అంచు చూడండి మాస్టారూ. కదులుతోందా?”

“లేదు.”

“ఇస్త్రీ పెట్టె?”

“లేదు.”

నా చేతులు రెండూ ఒళ్ళోకి దించుకున్నాను.

స్టాండు మంచిదే.

24వ తేదీ, సోమవారం

కెమెరా గుండీల డబ్బాలో పెట్టి మూత వేశాను. క్లాసుకి పోలేదు. అయినా ఈ రోజుల్లో కోట్లెవరు తొడుగుతున్నారు? బోర్డు మీద ఒక మాట తగ్గితే చదివేవాళ్ళకీ సులువు.

మా ఆవిడ టీ తెచ్చింది. గ్లాసు నిండా పోయలేదు, సగమే పోసింది. చాలా రోజులుగా సగమే పోస్తోందని ఇవాళ గమనించాను. ఒలకకుండా.

ఆవిడకి ముందే తెలుసు. కోటు ఎందుకు మానేశానో కూడా తెలిసే ఉంటుంది. అందరికీ కళ్ళజోడు వంక చెప్పాను.

26వ తేదీ, బుధవారం

ఉదయం 11:00. ఆఖరి ప్రయత్నం. స్టాండు పెట్టాను, కెమెరా చూపు చేతుల మీదికి దించాను, నొక్కాను. ఐదు లెక్కపెట్టాను. చెయ్యి ఎక్కించడం మొదలుపెట్టాను. సూది గుడ్డలో దిగాల్సిన చోట దిగట్లేదు. ముడత. విప్పాను. మళ్ళీ ముడత.

అమ్మాయి సుద్ద కోసం వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

“చూస్తూ నిలబడతావేం? వచ్చి ఇక్కడ పట్టుకో!” అన్నాను.

అడిగేశాను. పోయింది తీర్మానం.

“సూది నువ్వే తీసుకో. అలా కాదు! లాగకు, మింగించు! బొటనవేలుతో నొక్కు. ఆఁ, అక్కడ. ఎవరు నేర్పారే నీకు ఈ పట్టు?”

“నువ్వే. మూడు రోజులు.”

“అయితే నాలుగో రోజు ఎందుకు రాలేదు?”

“నువ్వు రమ్మనలేదు.”

కత్తెరకి చెయ్యి చాపాను. అలవాటు. కత్తెర బల్లకి అటు చివర, దాని వైపు ఉంది. అందలేదు. నయమైంది.

నలభై నిమిషాలు. గొంతు బొంగురు పోయేలా అరిచాను. అది తిరిగి అరిచింది కూడా. చివరికి చెయ్యి ఎక్కింది. పైన, కింద, వెనక, ముడత కోసం వెతికాను.

కెమెరా సంగతి మరిచేపోయాను. చూస్తే బ్యాటరీ అయిపోయి ఉంది.

28వ తేదీ, శుక్రవారం

ఆఖరి క్లాసు. ఇంట్లోవాళ్ళని తీసుకురావచ్చన్నారు. మా ఆవిడా అమ్మాయీ వెనక వరసలో కూర్చున్నారు. నేను సినిమా లేదని చెప్పేద్దామనుకున్నాను.

పంతులమ్మ కెమెరాలోని కార్డు తీసి చూసింది. బ్యాటరీ అయిపోయేలోపు అంతా పడిందట. నలభై నిమిషాల్లోంచి ఐదు తీసి కలిపింది. పక్కన కూర్చుని ఏవి ఉంచాలో చెప్పాను. ఈసారి ఎక్కడ పట్టుకుంటే అక్కడ కుట్టు పడింది. ప్రతి మాటకీ అటూ ఇటూ కావలసినంత గుడ్డ ఉంది.

దీపాలు ఆర్పారు. తెర మీద నాలుగు చేతులు. రెండు ముడతలు పడి వణుకుతున్నవి, రెండు నిలకడగా ఉన్నవి. ముఖాలు లేవు. నా అరుపులు మాత్రం ఉన్నాయి. “మింగించు!” అన్నప్పుడల్లా జనం నవ్వు. డ్రైవరు ఈలవేశాడు. (అతని సినిమాలో కుక్క రెండు సెకన్లు కనిపించింది. చప్పట్లు బాగానే పడ్డాయి.)

చివర్లో కోటు చెయ్యి నున్నగా నిలబడింది. వణికే చెయ్యి దాని మీద పైనుంచి కిందికి నడిచింది. చాలాసేపు మాటలేదు. తర్వాత నా గొంతు: “ఊఁ.”

అంతే. సినిమా అయిపోయింది.

ఇంటికొస్తుంటే అమ్మాయి అంది. “ఆ ‘ఊఁ’కి ముందు ఎంతసేపు ఆగావో లెక్కపెట్టా నాన్నా. పదకొండు సెకన్లు.”

“ముడతలు వెతకొద్దా?”

“దొరికాయా?”

“దొరికితే ఊఁ అంటానా?”

అది ముక్కు తుడుచుకుంది. మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. నేనే దాటగలను. అయినా ఊరుకున్నాను.

31వ తేదీ, సోమవారం

ఉదయం 9:00. పెయింటరొచ్చాడు. నిచ్చెన వేశాడు. “చెరపాల్సిన మాట ఏది తల్లీ?” అన్నాడు.

“చెరిపేదేం లేదు. ‘కోట్లు’ వెలిసిపోయింది, దాని మీదే ఇంకోసారి దిద్దు. లావుగా.”

9:30. కెమెరా ఇంకో నెల ఉంచుకోమంది పంతులమ్మ. కాబట్టి కొత్త పేజీ. కొత్త తీర్మానం. మొదటి రోజు!

ఈసారి కాలరు. సూది, కత్తెర అమ్మాయి చేతిలో. కెమెరా నా చేతిలో, అంటే స్టాండు మీద. ప్రతి షాటుకీ అటు ఐదు, ఇటు ఐదు. కత్తెర లాక్కోను. అసలు అరవను.

10:00. నొక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

10:04. అరిచాను.

10:05. అది కత్తెర బల్ల మీద పెట్టి నావైపు తోసి, “ఇంద, తీసుకో” అంది. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. “నాకెందుకు? నువ్వే కానివ్వు” అన్నాను. కెమెరా ఆపలేదు.

10:20. మళ్ళీ అరిచాను. కాలరు అలా తిప్పితే ఎవరైనా అరుస్తారు.

రేపటి నుంచి అరవను. రేపే మొదటి రోజు.